అడ్డు చెప్పాల్సినవాడికి

లాండ్రీ వెనక గది,
మంగళవారం, జూన్ 14.

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ నువ్వూ, మరదలూ, పిల్లలూ క్షేమమని తలుస్తాను. మీ సంఘం వాళ్లు రాసుకునే పద్ధతిలో ప్రభువు నామంలో వందనాలు అని మొదలుపెడదామనుకున్నాను గానీ, చిన్నప్పుడు నీ ముక్కు తుడిచినదాన్ని, నీకు వందనాలు పెట్టడానికి చెయ్యి రాలేదు. ఆ వందనాలు మరదలికి ఇవ్వు. నీకు ఆశీర్వాదం చాలు.

క్షేమం అన్నది మర్యాదకి రాశాను. మీ బావకి మోకాళ్లు పట్టేశాయి. ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడలేడని ఏ బట్ట ఎవరిదో తెలిసేలా గుర్తు పట్టీలు కుట్టే పనిలో కూర్చోబెట్టాను. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండకుండా, ఒక పెళ్లికొడుకు కోటుకి ఆసుపత్రి దుప్పటి పట్టీ కుట్టేశాడు. కోటు ఆసుపత్రికి పోయింది. పెళ్లికొడుకు మామగారు వచ్చి చేసిన రభసకి వీధి వీధంతా మా గుమ్మం ముందే ఉంది. చివరికి కోటు దొరికింది, పెళ్లీ అయింది. మీ బావ మాత్రం ఆ మాటెత్తితే మొహం పక్కకి తిప్పుకుంటాడు.

సరే, అసలు నాన్న సంగతి రాద్దామనే కూర్చున్నాను. ఫోన్లో నాన్న అనగానే నిన్ను ఎవరో పిలుస్తారు, ఏదో ప్రార్థన మొదలవుతుంది. కాగితాన్నయితే మధ్యలో పెట్టేయలేవు కదా. ఇంకో సంగతి, ఈ ఉత్తరం నీ పిల్లలకి చదివి వినిపించు. తాతగారు చరిత్ర చెప్పే పద్ధతి గురించి వాళ్లకి ఒక్క ముక్క కూడా తెలియదని మరదలు మొన్న నాతో అంది. అందుకే నీకు తెలిసినదే మళ్లీ రాస్తున్నాను, విసుక్కోకు.

పిల్లలూ, మన పెద్దల చరిత్ర కాగితం మీద లేదు, మనుషుల నోట్లో ఉంది. దాన్ని ఒక్కరే చెప్పడానికి కుదరదు. ఒకరు చెబుతారు, ఇంకొకరు ఎదురుగా కూర్చుని అడ్డు చెబుతారు. చెప్పేవాడు ఎక్కడో ఒకచోట కావాలనే తప్పు పెడతాడు. ఎదురుగా ఉన్నవాడు వెంటనే అలా కాదు అని ఆపి, సరైనది చెప్పాలి. అప్పుడు చెప్పేవాడికి నమ్మకం కుదురుతుంది, వీడు నిజంగా వింటున్నాడు, వీడికి వచ్చు అని. ముందుకి సాగుతాడు. ఎవరూ అడ్డు చెప్పకపోతే ఇంకా పెద్ద తప్పు పెట్టి చూస్తాడు. అప్పటికీ చెప్పకపోతే లేచిపోతాడు. తప్పు పెట్టానని తన నోటితో ఎప్పుడూ ఒప్పుకోకూడదు. వెనక కూర్చున్న మాబోటివాళ్లు పెదవి విప్పకూడదు. అడ్డు చెప్పడం బాగా వచ్చినవాడే తరవాత చెప్పేవాడవుతాడు. మన ఇంట్లో చెప్పేవాడు మీ తాత. అడ్డు చెప్పేవాడు మీ నాన్న. ఇప్పుడు మెడలో తెల్లపట్టీ కట్టుకుని బోధించే మీ నాన్నే, నమ్మరేమో గానీ, అప్పట్లో మీ తాత నోరు తెరవక ముందే తప్పు పట్టేసేవాడు.

ఇక మిషనరీ దొర సంగతి. ఆయన మన ముత్తాత కాలంలో వచ్చాడు. మనవాళ్లు ఆయనకి పెట్టిన పేరు తలూపుడు దొర. మంచివాడే. జ్వరాలొచ్చినప్పుడు ఇల్లిల్లూ తిరిగి మందులిచ్చాడు, బడి కట్టాడు, మన భాష మన అల్లుళ్లకంటే బాగా నేర్చుకున్నాడు. మీ పెద్దల చరిత్ర రాసుకుంటానని ముత్తాత ముందు చాప వేసుకుని కూర్చున్నాడు. ముత్తాత సంతోషించి, పద్ధతి ప్రకారం ఒక చిన్న తప్పు పెట్టాడు. పడమర నుంచి వచ్చిన మనవాళ్లని తూర్పు నుంచి తెచ్చాడు. దొర తల ఊపి రాసుకున్నాడు. ముత్తాత ఇంకాస్త పెద్ద తప్పు పెట్టాడు, మొదటి అవ్వ వెదురు బుట్టలో నిప్పు తెచ్చింది అన్నాడు. దొర తల ఊపాడు. ముత్తాతకి ఒళ్లు మండి, మొదటి అవ్వ తన అన్నని కన్నది అన్నాడు. దొర దానికీ తల ఊపి, మురిసిపోతూ రాసుకున్నాడు. ముత్తాత చాప దులుపుకుని, గేదె పాలు తీయాలని చెప్పి వెళ్లిపోయాడు. మళ్లీ ఆయన ముందు కూర్చోలేదు.

పాపం దొర తప్పేముంది? వాళ్ల దేశంలో పెద్దవాళ్లు మాట్లాడేటప్పుడు అడ్డుపడటం పొగరు కిందే లెక్కట. ఆయన చూపించింది మర్యాద. ముత్తాతకి అది చెవిన వేసుకోకపోవడంలా కనిపించింది. ముసలాయన హఠాత్తుగా ఎందుకు మానేశాడో నాకు ఎన్నటికీ అర్థం కాలేదు అని దొర పుస్తకం ముందుమాటలో రాసుకున్నాడు. ఆ పుస్తకమే మా బడిలో పాఠం. అన్నని కన్న అవ్వలో ఎంతో లోతైన అర్థం ఉందని పెద్ద పెద్దవాళ్లు వ్యాసాలు రాశారు. పరీక్షలో నేను ఇదంతా తప్పు అని రాసి బయట నిలబడ్డాను. మీ నాన్న బుద్ధిగా పుస్తకంలో ఉన్నట్టే రాసి ఫస్టు వచ్చాడు. ఇది మాత్రం తప్పకుండా గట్టిగా చదివి వినిపించు తమ్ముడూ, మింగేయకు.

పిల్లల కోసం రాసింది అయిపోయింది. ఇక్కణ్ణించి నీకు మాత్రమే.

వానల ముందు నుంచీ నాన్న మాట తేడాగా ఉంది. పొద్దున్నే లేచి చీకటి పడింది, కొట్టు కట్టేయమంటాడు. పాలవాణ్ణి మామగారూ అని పిలుస్తాడు. వంటింట్లో అమ్మ ఉంది, మంచినీళ్లు అడగమంటాడు. డాక్టరమ్మకి చూపించాం. జ్ఞాపకం తగ్గుతోందనీ, వయసుతో వచ్చేదే అనీ, ఎదురు చెప్పి ఆయన్ని బాధపెట్టకండనీ చెప్పింది. మేమూ తు.చ. తప్పకుండా పాటించాం. చీకటి పడిందంటే పడింది అన్నాం. అమ్మ ఉందంటే ఉంది అన్నాం. మీ బావ అయితే పాలవాడికి కూడా చెప్పి, అల్లుడూ అని పిలిపించాడు. ఇంత జాగ్రత్తగా చూసుకుంటుంటే నాన్న రోజురోజుకీ ముడుచుకుపోయాడు. మాట మానేశాడు. ముద్ద మానేశాడు. మడతబల్ల పక్క కుర్చీలో కూర్చుని, ఊడిన గుండీల డబ్బా ఒళ్లో పెట్టుకుని కెలుకుతూ ఉండేవాడు.

ఇలా ఉండగా కిందటి వారం ఇక్కడి చర్చికి వచ్చిన కొత్త పాస్టరు గాయకుల తెల్ల అంగీలు గంజి పెట్టి ఇస్త్రీ చేయమని తెచ్చాడు. చిన్నవాడు, నెమ్మదైనవాడు. మిషను స్థాపించిన సంబరాల కోసం పాతవాళ్ల నోటి చరిత్రలు రికార్డు చేస్తున్నామని, పెద్దాయన చెబుతారా అని అడిగాడు. చెప్పే స్థితిలో లేరయ్యా అన్నాను. ఈలోగా నాన్నే గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. పడమర బదులు తూర్పు అన్నాడు. పాస్టరు తల ఊపాడు. వెదురు బుట్టలో నిప్పు అన్నాడు. పాస్టరు తల ఊపాడు. మొదటి అవ్వ తన అన్నని కన్నది అన్నాడు. అవునండీ, దొరగారి పుస్తకంలో చదివాను, ఎంత గొప్ప మాట అన్నాడు పాస్టరు.

నా చేతిలో ఇస్త్రీ పెట్టె ఉంది. ఎదురు చెప్పొద్దన్న డాక్టరమ్మ మాటా గుర్తుంది, వెనకవాళ్లు పెదవి విప్పకూడదన్న పద్ధతీ గుర్తుంది. కానీ ఆ తల ఊపడం చూసి ఉండబట్టలేక నోరు జారాను. అలా కాదు నాన్నా, అవ్వ అన్నని కనలేదు, కుంటి అన్నని వీపున వేసుకుని ఏరు దాటింది అన్నాను.

నాన్న తల తిప్పి నన్ను చూసిన చూపు ఏమని రాయను. ఊరి బయట దారి తప్పినవాడికి తెలిసిన మనిషి ఎదురైనట్టు చూశాడు. గుండీల డబ్బా కింద పెట్టాడు. ఆ పైన మాట తడబడకుండా, ఏరు దాటిన దగ్గర నుంచి ఉప్పు నేల దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. మధ్యలో పెట్టిన తప్పులు రెండింటికి అడ్డు చెప్పగలిగాను. పాస్టరు తల ఊపడం మానేసి నోరు తెరుచుకుని కూర్చున్నాడు. ఆ ధ్యాసలో ఇస్త్రీ పెట్టె కింద నేను కాల్చిన అంగీకి డబ్బులు కూడా అడగలేదు, మంచివాడు. ఆ పూట నాన్న కడుపునిండా తిన్నాడు.

డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను, జబ్బే లేదంటుందేమోనని. అలా అనలేదు. జబ్బు ఉంది, పోయేది పోతూనే ఉంటుంది, పాతది మాత్రం ఇంకొంత కాలం ఉంటుంది, మాట్లాడించండి అంది. అప్పటి నుంచి రోజూ అంగీలు మడతపెడుతూ నాన్న ఎదురుగా కూర్చుంటున్నాను. ఆయన నిజంగా మరిచిపోయినది ఏదో, కావాలని పెట్టినది ఏదో మొదట్లో నాకు తెలిసేది కాదు. ఇప్పుడు తెలుస్తోంది. మరిచిపోయినప్పుడు గాభరా పడతాడు. కావాలని పెట్టినప్పుడు తల కొద్దిగా పక్కకి వంచి, మోకాలి మీద చెయ్యి వేసుకుని, నవ్వు దాచుకుంటూ ఆగుతాడు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఉప్పు నేల దాటాక మనవాళ్లు రెండుగా చీలిన చోట బండి ఆగిపోయింది. ఆ భాగం మీరిద్దరే కట్టెలకి వెళుతూ దారిలో చెప్పుకునేవారు, నాకు రాదు. నాన్న అక్కడ తప్పు పెడతాడు, తల వంచి ఆగుతాడు, నేను నీళ్లు నములుతాను, ఆయన మళ్లీ గుండీల డబ్బా అందుకుంటాడు. నీకు తప్ప అది ఇంకెవరికీ రాదు. ఆయన దగ్గర ఉన్నది ఎన్నాళ్లు ఉంటుందో తెలియదు. అది పోతే ఇక మన ఇంట్లో చెప్పడానికి మిగిలేది దొర పుస్తకమే.

నువ్వెందుకు రావో నాకు తెలుసు. పాస్టరు చదువుకి బయలుదేరిన రోజు, ఇల్లు వదిలి వెళ్లేవాళ్లకి చెప్పే పద్ధతి ప్రకారం, నాన్న నిన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని చరిత్ర మొత్తం చెప్పాడు. చివర ఎప్పుడూ చెప్పేవాడు తన పిల్లల దాకా రావాలి. అక్కడికొచ్చి, నాకు ఒక్కతే కూతురు, కొడుకు లేడు అన్నాడు. నువ్వు మాట్లాడకుండా లేచి, తలుపు దగ్గర సంచి తీసుకుని వెళ్లిపోయావు. చర్చికి వెళుతున్నాడని కొడుకుని తుడిచేశాడని బంధువులందరూ అన్నారు. నేనూ అలాగే అనుకుని ఆయనతో చాలా కాలం ముభావంగా ఉన్నాను. అమ్మ పోయినప్పుడు వచ్చి కూడా నువ్వు ఆయన మొహం చూడకుండా వెళ్లావు. కొడుకు లేనివాడింటికి ఎవరు రావాలక్కా అని నువ్వు రాసిన కార్డు ఇంకా నా దగ్గర ఉంది. నీ కోపం అన్యాయమని నేను అనను. ఆ మాట నాకే ఇంకా మంటగా ఉంది, నీకు ఉండదా?

అయినా రా. క్షమించమని అడగడం లేదు, అది మీ బోధనల్లో నువ్వే చెబుతావు కదా. మన చరిత్రని నమ్మమనీ అనడం లేదు. నమ్మనివాడే బాగా అడ్డు చెబుతాడేమో కూడా. వచ్చి నాలుగు రోజులు ఎదురుగా కూర్చుని అడ్డు చెప్పి వెళ్లు. నీ సంఘం ఏమంటుందోనని భయమైతే, ఇక్కడి పాస్టరే నీకు ఉత్తరం రాస్తానన్నాడు. పై గది ఖాళీ చేయించాను. మరదల్నీ పిల్లల్నీ తీసుకురా. నీ చొక్కాలు మాత్రం ఇస్త్రీ చేయించుకుని రా, మీ బావ చేతికిస్తే ఎవరింటికి పోతాయో చెప్పలేను.

ఇట్లు,
నీ అక్క.

తా.క. బుధవారం పొద్దున.

కవరు అంటించేసి, ఆవిరి పట్టి మళ్లీ విప్పాను.

ఇవాళ నేనింకా ఎదురుగా పీట మీద కూర్చోకముందే నాన్న తనంతట తానే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆగిపోయిన చోటు వదిలేసి తిన్నగా చివరికి వచ్చాడు. నాకు ఒక్కతే కూతురు, కొడుకు లేడు అన్నాడు. అని, ఎదురుగా ఉన్న ఖాళీ పీట వైపు చూస్తూ, తల కొద్దిగా పక్కకి వంచి, మోకాలి మీద చెయ్యి వేసుకుని, నవ్వు దాచుకుంటూ ఆగాడు.

చేతిలో అంగీ కింద పెట్టేశాను. అలా కాదు నాన్నా, నీకు కొడుకు కూడా ఉన్నాడు అన్నాను. ఆయన నన్ను కసిరాడు. వెనక కూర్చున్నదానివి నీకెందుకే, అది వాడు అనాల్సిన మాట, వాణ్ణి అననివ్వు అన్నాడు. కాసేపు చూసి, నా వైపు వంగి, పీట మీద ఉన్నవాడికి వినపడకూడదన్నట్టు గొంతు తగ్గించి అడిగాడు. ఇంత తేలికైనది పెట్టాను కదా, వీడింకా ఆలోచిస్తున్నాడేమిటే అని.

తమ్ముడూ, ఆయన లెక్కలో నువ్వు ఇంకా లేచి వెళ్లలేదు. జవాబు రాయకు. వచ్చి ఆ పీట మీద కూర్చుని అను.