పచ్చి ఎముక

మార్చి 4
మా కుక్క బండోడి పళ్ళకి గార పట్టిందని కుక్కల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. వారానికి రెండుసార్లు పచ్చి ఎముక ఇవ్వమన్నాడు. ఉడికించింది ఇస్తే సూదుల్లా చీలి పేగుల్లో దిగుతుందట. ఎముక వాడి మూతికన్నా పెద్దదిగా ఉండాలట. నమిలినంతసేపూ పక్కనే ఉండి, ఇరవై నిమిషాలకి తీసేసుకోవాలట. అన్నీ రాసుకున్నాను.

మార్చి 7
మాంసం కొట్టాయన తొడ ఎముక కవర్లో వేస్తూ, మీ కుక్కగా పుట్టినా బాగుండేదమ్మా అన్నాడు. వంటింట్లోనే పెట్టాను. వాడు కరకరలాడిస్తుంటే మా ఆయన గుమ్మానికి ఆనుకుని పకపకా నవ్వారు. కిడ్నీ మార్పిడి అయిన ఈ నాలుగు నెలల్లో అలా నవ్వడం ఇదే మొదటిసారి. ఆ కిడ్నీ వాళ్ళక్కది. మా వదిన అడక్కుండానే ఇచ్చింది.

మార్చి 14
మూడో ఎముక. ఒక్క పెచ్చు కూడా మింగనివ్వలేదు. తినడం అవ్వగానే వాడు పరుగున వెళ్ళి ఈయన చేతులూ గడ్డమూ అంతా నాకేశాడు.

మార్చి 17
ఈయనకి విరేచనాలు. ఒళ్ళు కాలిపోతోంది. బయటి తిండి తిని ఏడాదైంది, మరి ఎక్కణ్ణుంచి?

మార్చి 18
ఐసీయూ. ఇన్ఫెక్షను రక్తంలోకి పాకిందట. కిడ్నీ డాక్టరమ్మ ఒక్కొక్కటే అడిగింది. నీళ్ళు కాచే తాగుతున్నారా? పచ్చి గుడ్డు తిన్నారా? ఇంట్లో పచ్చి మాంసం గానీ, పెంపుడు జంతువులు గానీ ఉన్నాయా? లేవన్నాను. నోరు దానంతటదే అనేసింది.

మార్చి 19, ఉదయం
బట్టలకని ఇంటికొచ్చాను. ఫ్రిజ్ తీస్తే ఇంకో ఎముక ఉంది. కవరు కారి, కింద ఈయనకి కోసిపెట్టిన పళ్ళ ముక్కల గిన్నె మూత మీద ఎర్రటి నీళ్ళు. ఇంట్లో ఎవరున్నారని కుక్కల డాక్టరు అడగలేదు. కుక్క సంగతే కదా అని నేనూ చెప్పలేదు.

అదే రోజు, మధ్యాహ్నం
డాక్టరమ్మకి అంతా చెప్పేశాను. తిట్టలేదు. పచ్చి మాంసంలోని క్రిములు కుక్క నాలుక మీంచి కూడా అంటుతాయట, కొత్త కిడ్నీ నిలవడానికి వేసే మందులతో ఈయన ఒంటికి వాటిని తట్టుకునే శక్తి ఉండదట. నర్సుని పిలిచి మందు మార్పించింది. నిన్ననే చెప్పుంటే ఇది నిన్ననే మొదలుపెట్టేదాన్ని కదమ్మా అంది.

మార్చి 24
మనిషి దక్కాడు. కిడ్నీ దక్కలేదు.

మార్చి 30
మళ్ళీ డయాలసిస్. వారానికి మూడుసార్లు.

వదిన వచ్చింది. చెప్పకుండా ఉండలేకపోయాను. నడుం పక్క కుట్లమీద చెయ్యి వేసుకుంది. తమ్ముడికి మాత్రం చెప్పకు, వాడికిప్పుడు ఆ కుక్క తప్ప సరదా ఏముంది అంది. నావైపు చూడకుండానే చెప్పులు వేసుకుంది.

ఏప్రిల్ 5
ఆయనకి చెప్పేశాను. లేచి వెళ్ళి చేతులు కడుక్కున్నారు. వచ్చి కూర్చున్నారు. మళ్ళీ వెళ్ళి కడుక్కున్నారు.