మా డాబా మీది పెద్ద తుపాకి

ఆయుధాల ఆఫీసు పెద్దగారికి,

మూడంతస్తుల మేడలో లాండ్రీ నడుపుకునే ఆవిడ నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం.

అయ్యా, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను. ఇక్కడ మేం క్షేమమే గానీ మా డాబా క్షేమంగా లేదు. ఆకాశంలోంచి వచ్చినవాళ్ళు ఉన్నట్టుండి యుద్ధం చాలించి, వచ్చిన దారినే పోయారు కదా. పోతూ పోతూ వాళ్ళ పెద్ద తుపాకులు ఇక్కడే వదిలేశారు. వీధిలో మా మేడే ఎత్తని మీవాళ్ళు మా డాబా మీద ఇనుప బురుజు కట్టి, వాటిలో ఒకదాన్ని ఎక్కించి కూర్చోబెట్టారు. వాళ్ళు మళ్ళీ వస్తే వాళ్ళ తుపాకితోనే వాళ్ళని కాల్చాలట. ఎలా పేల్చాలో మాత్రం మీలో ఒక్కరికీ తెలియదట. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

నేను ఆసుపత్రి దుప్పట్లు ఉతుకుతాను. ఆరేసేది ఆ డాబా మీదే. ఇప్పుడు మెట్ల మీద ఆరేస్తుంటే అద్దెకున్నవాళ్ళు వాటి కింద పాక్కుంటూ ఆఫీసులకి పోతున్నారు. ఇదంతా ఒక ఎత్తు, మా తమ్ముడు ఒక ఎత్తు. యుద్ధంలో వాడు మన ఫిరంగి లారీ నడిపాడు. తిరిగొచ్చిన దగ్గర్నుంచీ కంటి మీద కునుకు లేదు. బూట్లు విప్పడు, మంచమెక్కడు, మెట్ల పక్క కుర్చీలో కూర్చుని గోడకేసి చూస్తుంటాడు. అలాంటివాడి నెత్తిన ఆ తుపాకి ఉంటే వాడు కోలుకునేదెప్పుడు? దయచేసి దాన్ని తీసుకుపోండి.

ఉంటాను,
లాండ్రీ ఆవిడ

తా.క.: బురుజు బిగించేటప్పుడు మీవాళ్ళు నా బట్టలారేసే తీగ తెంపారు. తుపాకి సంగతి తర్వాత, ముందు తీగ పంపండి.

*

లాండ్రీ యజమానురాలు గారికి,

నమస్కారం. మీ ఉత్తరం చేరింది. మీరు పెద్ద తుపాకి అంటున్నదాన్ని మేం ‘గ్రహాంతర భారీ ఆయుధం, బురుజు రకం’ అంటాం. లారీల మీద బిగించినవి బండి రకం. రెండూ అతి ప్రమాదకరం. యుద్ధంలో వాటి ఎదుట పడ్డ మనవాళ్ళు చప్పుడు లేకుండా కూలిపోయారు. ఒక్కరూ తిరిగి రాలేదు. కాబట్టి దాన్ని తాకవద్దు, ఆనుకోవద్దు, దాని దగ్గర ఆవలించవద్దు. చివరిది ఎందుకో నాకూ తెలియదు, పాత ఉత్తర్వులో ఉంది.

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ఒకరి ఉత్తరం మీద నిర్ణయం జరిగి, జవాబు వెళ్ళేదాకా వారి రెండో ఉత్తరం విప్పకూడదు. అందుచేత తొందరపడి మరొకటి రాయకండి. రాసినా అది నా బల్ల మీద హాయిగా నిద్రపోతుంది. ఆ భాగ్యం నాకే లేదు.

భవదీయుడు,
ఆయుధాల అధికారి

తా.క.: ఇది ఆఫీసు విషయం కాదు. నా యూనిఫాం జేబు మీద టీ మరక పడింది. పైవాళ్ళ తనిఖీ దగ్గర పడుతోంది. దేనితో పోతుంది?

*

అధికారి గారికి నమస్కరించి,

రాయవద్దన్నారు, రాయక తప్పలేదు. పైగా మరక గురించి మీరే అడిగారు. జవాబు విప్పకపోతే మరక ఎలా పోతుందో మీ ఆఫీసే చెప్పాలి.

ఇక్కడ ఒకటే ముసురు. మెట్ల మీది దుప్పట్లు ఆరక ముక్కిపోయిన వాసన కొడుతుంటే, ఒక దుప్పటి పట్టుకెళ్ళి తుపాకి మెడ మీద వేశాను. తప్పే. కానీ అయ్యా, అది నిద్రపోయే పిల్లిలా వెచ్చగా ఉంది! చూస్తుండగానే దుప్పటి ఆరింది. ఇక మిగతావన్నీ దాని మీదే ఆరేశాను. సాయంత్రమయ్యేసరికి దాని కడుపులో నీలంగా ఒక వెలుగు తిరగడం మొదలైంది. సన్నగా ఏదో కూనిరాగం. వాన చినుకులు దాని దాకా వచ్చి, ఏదో మరిచిపోయినట్టు ఆగి, మెల్లగా పక్కకి జారుతున్నాయి. నేను చేటంత మొహం చేసుకుని అలా నిలబడిపోయాను.

ఆ దుప్పట్లు కప్పుకున్న రోగులంతా కలలు కంటున్నారని ఆసుపత్రి నర్సు చెప్పింది. కాలు విరిగినావిడ చెరువు మీద నడిచిందట, పాదం తడవలేదట. జన్మలో నవ్వని ప్లీడరు బస్సు కండక్టరై, ఎవరినీ ఎక్కడికని అడక్కుండా టిక్కెట్లు కోశాడట. ఆ దుప్పట్లే కావాలని వార్డుల్లో పోట్లాటలు.

అసలు సంగతి వినండి. దుప్పట్లు తెస్తానని మా తమ్ముడు పైకి వెళ్ళాడు. ఎంతకీ రాడు. వెళ్ళి చూస్తే బూట్లు విప్పి పక్కన పెట్టుకుని, బురుజు నీడలో ఆదమరిచి నిద్రపోతున్నాడు! ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఊపిరాడుతోంది. అక్కడే కూలబడి ఏడ్చాను. సంతోషానికేలెండి.

కాబట్టి నా మొదటి ఉత్తరం చింపేయండి. తుపాకి ఇక్కడే ఉండనివ్వండి.

మీ మేలు కోరే,
లాండ్రీ ఆవిడ

తా.క.: మరకకి నిమ్మకాయ, ఉప్పు. మెల్లగా అద్దండి. రుద్దారో, చొక్కా మీ చేతికి రాదు.

*

లాండ్రీ యజమానురాలు గారికి,

శుభవార్త! మీ మొదటి ఉత్తరం మీద నిర్ణయం జరిగింది. మీ కోరిక ప్రకారమే తుపాకిని గ్యాస్ కట్టరుతో ముక్కలు కోసి తీసుకుపోతాం. అందాకా కాపలాకి, బండి రకం ఆయుధం బిగించిన లారీ ఒకటి పంపుతున్నాం. బురుజు మీదిది తోక జాడిస్తే లారీ మీదిది దాని పని పడుతుంది.

మీ రెండో ఉత్తరం నా బల్ల మీదే ఉంది. పద్ధతి ప్రకారం విప్పలేదు. లావుగా ఉంది, కృతజ్ఞతలు అయి ఉంటాయి. అంత అవసరం లేదమ్మా, ఇది మా విధి.

భవదీయుడు,
ఆయుధాల అధికారి

తా.క.: మరకని బాగా రుద్దాను. ఇప్పుడది గుండ్రంగా తేలి పతకంలా కనిపిస్తోంది. ఏ యుద్ధంలో ఇచ్చారని పై అధికారి అడిగారు.

*

(కవరు మీద రాసినది)

బాబూ, మీరు కవరు విప్పరు కాబట్టి కవరు మీదే రాస్తున్నాను. లోపల ఏమీ లేదు, వెతక్కండి.

మీ లారీ వచ్చింది. మేడ ముందు ఆగిందో లేదో, దాని మీది తుపాకి మెడ పైకెత్తింది, మా బురుజు మీదిది కిందికి వంచింది. ఒకదాన్నొకటి చూసుకుని రెండూ ఒకే రాగం ఎత్తుకున్నాయి. వీధిలో కుక్క మొరగడం మధ్యలో ఆపేసింది. మీ కాపలావాళ్ళు లారీ దిగకుండానే ఆవలించి, దిగాక మా మెట్ల మీద వరసగా పడుకున్నారు. లేచాక, పాపం, నాతో కలిసి దుప్పట్లు మడత పెట్టారు. కొస కొస కలిపి చక్కగా మడుస్తారు. మంచి పెంపకం.

మా తమ్ముడి సంగతి చెప్తే మీకు అర్థమవుతుందేమో. వాడి లారీలో ఇంకో ఇద్దరుండేవాళ్ళు, వీడు బక్కోడు, పాటగాడు అని పిలిచేవాడు. ఫిరంగి దింపి ముందుకు వెళ్ళినవాళ్ళిద్దరూ ఇలాంటి తుపాకి ముందే కూలిపోయారట. దూరం నుంచి చూసి, భయపడి, వీడు లారీ తిప్పుకుని వచ్చేశాడు. ‘వాళ్ళనలా వదిలేసి వచ్చానక్కా’ అంటాడు. ఇప్పుడు నిద్రలో వాళ్ళిద్దరూ వస్తున్నారట. ‘ఎక్కడికి పోయావురా?’ అని అడిగి, వీణ్ణి లారీ బానెట్ మీద కూర్చోబెట్టుకుంటున్నారట. ఆ కాస్త నిద్ర లాక్కోకండి బాబూ. అది పోతే వాడు నాకు దక్కడు.

విడిగా ఒక దిండు గలీబు పార్సిల్ చేశాను. తుపాకి మీద ఆరినదే. తల కింద పెట్టుకు చూడండి. చోటైపోయింది.

తా.క.: స్టాంపు కింద కూడా ఒక మాట రాశాను. ఊడదీసి చదవండి: కోసేయకండి.

*

లాండ్రీ యజమానురాలు గారికి,

మొదటి జవాబు వెళ్ళిపోయింది కాబట్టి మీ రెండో ఉత్తరం విప్పాను. చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అమ్మా, భూమ్మీద ఎవరూ తాకడానికి సాహసించని ఆయుధం మీద తడి దుప్పట్లు ఆరేశారా? దీన్ని మా భాషలో ‘ఆయుధాన్ని సొంతానికి వాడుకోవడం’ అంటారు. ఫిర్యాదు వెనక్కి తీసుకోవడం కుదరదు, ఎందుకంటే అది కొత్త ఫిర్యాదు కిందికి వస్తుంది. నిపుణులు వస్తున్నారు. పేలుతుందేమో పరీక్షించి, ఆ తర్వాత కోసేస్తారు.

కవరు మీది రాత ఉత్తరం కాదు, చిరునామా. చిరునామా ఇంత పొడుగ్గా ఉండకూడదని పోస్టాఫీసువారు నన్ను మందలించారు. అది చదివాను. చదవనట్టే ఈ జవాబు రాయాలి. నా చేతిలో ఏమీ లేదు.

భవదీయుడు,
ఆయుధాల అధికారి

తా.క.: నిమ్మకాయతో మరక పోయింది. దాంతోపాటు జేబు రంగూ పోయింది. పతకం ఎందుకు లాక్కున్నారని పై అధికారి జాలిపడ్డారు.

ఇంకో తా.క.: పార్సిల్ ఉత్తరం కాదు గనక వెంటనే విప్పాను. ఆ గలీబు మీద తల పెట్టగానే నా బల్ల కిటికీలోంచి మెల్లగా బయటికి తేలింది. ఇళ్ళ మీదుగా, దీపాల మీదుగా పోతోంది. కింద నుంచి మా అమ్మ, నన్ను చిన్నప్పటి ముద్దుపేరుతో, అన్నానికి పిలిచింది. వస్తున్నా అన్నాను. యుద్ధం మొదలయ్యాక ఇదే నా మొదటి నిద్ర. ఈ సంగతి ఎవరికీ చెప్పకండి. గలీబు పక్క బల్లాయన అడిగి తీసుకున్నాడు.

*

బాబూ,

నిపుణులు వచ్చారు. కట్టరు పట్టుకుని కింద నిలబడ్డారు. మా తమ్ముడు బురుజు కాలు కావలించుకుని కూర్చున్నాడు. నేను వేడి ఇస్త్రీపెట్టె పట్టుకుని మెట్లకి అడ్డంగా కూర్చున్నాను. మీ చేతిలో ఏమీ లేదన్నారు. నా చేతిలో ఇస్త్రీపెట్టె ఉంది.

నాకు పెద్ద చదువు లేదు, మీ పద్ధతులు తెలియవు. ఒకటే తెలుసు. యుద్ధం వాణ్ణి నాకు సగమే తిరిగిచ్చింది. మిగతా సగాన్ని ఈ తుపాకి తెచ్చి ఇస్తోంది. చెయ్యి అడ్డం పెట్టకండి. మీకు మీ అమ్మ కనిపించింది కదా, ఆవిడ మీద ఒట్టు.

ఎదురుచూస్తూ,
అక్క లాంటి మనిషిని

తా.క.: నిపుణులకి ఆకలేస్తున్నట్టుంది. శత్రువులే అనుకోండి, అయినా అన్నం పెడుతున్నాను. డాబా మీదైతే గాలి బాగుంటుందని అక్కడే వడ్డిస్తున్నాను.

*

అక్కయ్యగారికి,

పద్ధతి తప్పి, మీ ఉత్తరం రాగానే విప్పాను. నిపుణుల నివేదిక కూడా వచ్చింది. మీ అన్నం తిని, ఆవలించి, పడుకుని, లేచి, మీ డాబా మీదే కూర్చుని రాశారట. చేతిరాత చాలా ప్రశాంతంగా ఉంది.

తుపాకి ఎలా పేలుతుందా అని మేం తలలు పట్టుకున్నాం కదా. మీరు దుప్పటి ఆరేసిన రోజు నుంచీ అది పేలుతూనే ఉందట. ఆ కూనిరాగమే దాని గుండు, ఆ కలే దాని దెబ్బ. తగిలినవాడు నిద్రపోతాడు, కోరుకున్న చోటికి కలలో వెళ్ళొస్తాడు, లేచాక వాడికి పోట్లాడబుద్ధి కాదు. అంతే, ఇంకేమీ చెయ్యదు. తుపాకి వెనక నిలబడి పేల్చినవాళ్ళకీ ఇదే వరస. ఆకాశంవాళ్ళు యుద్ధం మధ్యలో ఎందుకు వెళ్ళిపోయారంటారు? ఇల్లు గుర్తొచ్చి వెళ్ళిపోయారు.

ఇది చదవగానే, కూలిపోయారని మేం రాసుకున్నవాళ్ళ ఊళ్ళకి మనుషుల్ని పంపాను. అక్కయ్యా, వాళ్ళెవరూ చావలేదు. నిద్రపోయారు. లేచి ఇళ్ళకి నడిచి వెళ్ళిపోయి, మళ్ళీ యుద్ధానికి పిలుస్తామని భయపడి నోరు మెదపలేదు. బక్కోడు సైకిళ్ళు బాగుచేస్తున్నాడు. పాటగాడు స్కూలు బస్సు నడుపుతున్నాడు, పిల్లలు ఎంత మొత్తుకున్నా పాటలు ఆపడట. మీ తమ్ముడు పోయాడనుకుని ఇద్దరూ ఇన్నాళ్ళూ కుమిలిపోయారు. ‘మా డ్రైవరు మమ్మల్ని వదిలి పోయే రకం కాదు, బతికుంటే వచ్చేవాడు’ అన్నారట. బతికే ఉన్నాడని, భయపడి వచ్చేశాడని చెప్పించాను. పాటగాడు, ‘భయపడితే ఏం, బతికాడు కదా వెధవ’ అని భోరుమన్నాడట. బయల్దేరారు.

ఇక ఆఫీసు విషయం. మీ గలీబు బల్ల బల్లకీ తిరిగి పై అధికారి దాకా వెళ్ళింది. శత్రువు ఆయుధం దెబ్బకి ఆఫీసంతా పడిపోతే లొంగిపోవాలని మా నియమం. శత్రువేమో ఊళ్ళో లేడు. తుపాకి ఎవరి డాబా మీద ఉంటే వాళ్ళకే లొంగాలని తేల్చాం. కాబట్టి మేమంతా మీకు లొంగిపోయాం. మీ షరతులు రాయండి, కవరు లోపలే రాయండి. నా యూనిఫాం ఈ పార్సిల్‌లో పెట్టాను. ఉతికాక తిరిగి పంపకండి, దుప్పట్లకి అతుకులు వేసుకోండి.

మీకు ఓడిపోయిన,
తమ్ముడు లాంటివాణ్ణి

తా.క.: బట్టలారేసే తీగ కూడా పెట్టాను. మొదటి ఉత్తరంలో అడిగారు. దాని మీద ఇవాళ నిర్ణయం జరిగింది.

ఇంకో తా.క.: వాళ్ళిద్దరూ వచ్చేసరికి మీ తమ్ముడు నిద్రలో ఉంటే లేపవద్దని చెప్పి పంపాను. లేపరట. ‘వాడు లేచేదాకా పక్కనే కూర్చుంటాం’ అన్నారు.