ఖాళీకా, లోడుకా?

హోస్పేటలో విరిగిన లారీ స్ప్రింగుల కమాన్ కట్టలకు ప్రాణం పోస్తున్న మహారాజశ్రీ నాయనగారి గ్రీజు పాదాలకు, అనంతపురం కాలేజీ నుంచి కొడుకు మల్లికార్జున నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. తాడిపత్రిలో అమ్మ కూడా క్షేమం. నీ సుత్తి చప్పుడు లేక ఇల్లు బోసిగా ఉందట. ఫోన్ చేస్తే నీకు సరిగా వినపడదు కాబట్టి ఈ కాగితమే దిక్కు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. వేళకు తింటున్నాను. హాస్టల్ సాంబారులో ఒక ములక్కాడ ఉందని వదంతి. నాకింకా దర్శనం కాలేదు. మేం తయారుచేస్తున్న రేసు కారు నడుస్తోంది. దానికి ఎంత గట్టి స్ప్రింగులు వేయాలో తేల్చే పని నాదే కదా, ఆ కథ విను.

పదిహేను రోజులు కంప్యూటర్ ముందు తపస్సు చేసి, రెండు వందల ముప్పై కిలోల కారుకు సరిపోయే స్ప్రింగులు తెప్పించాను. కారును పోటీకి పంపాలా వద్దా అని సార్లు తేల్చే రోజు నాలుగు రోజుల్లో ఉందనగా, నడపడానికి గంగాధర్ ఎక్కాడు. వాడు తొంభై ఐదు కిలోలు. కారు పొట్ట నేలకు ఆనింది.

"ఏమప్పా, ఇది కారా, పీటా?" అన్నాడు.

"నువ్వే లావుండావు. దిగు!"

"నేను దిగితే ఎవురు నడిపేది, మీ నాయనా?"

అప్పుడు తట్టింది. కారును తూచాను, నడిపేవాణ్ణి తూచలేదు.

ఇక వేళ్లతో కొలిచే నీ పద్ధతే పట్టాం. కారు ఖాళీగా ఉన్నప్పుడు పొట్ట కింద నాలుగు వేళ్ల సందు, గంగాధర్ కూర్చుంటే మూడు ఉండాలని లెక్క. రెండో జత స్ప్రింగులు మరీ గట్టివి, స్పీడ్ బ్రేకర్ దగ్గర కారు మేకపిల్లలా దుమికింది. మూడో జతకు బుద్ధిగా కూర్చుంది. సార్లు సంతకం పెట్టారు.

ఇప్పుడు అసలు మాట. నేను స్ప్రింగులు తెప్పించకముందే, పోయిన ఉత్తరంలో నువ్వు అడిగావు: "స్ప్రింగు ఖాళీ బండికా, లోడు బండికా?" నేను దాన్ని నీ గొంతుతో స్నేహితులకు చదివి వినిపించాను. "రేసు కారుకు లోడంట! బండలు ఎత్తుతామా?" అని అందరినీ నవ్వించాను. నన్ను చదివించడానికి ఆ సుత్తి దెబ్బల మధ్య చెవులు పోగొట్టుకున్నావు. నువ్వు అడిగిన ఒక్క మాట, చెవులు బాగున్న నేను వినలేదు. తప్పయింది నాయనా.

నిన్న కారుకు రంగు వేయించాం. మన లారీలకు రాసినట్టే పక్కన రాయించాను: ఖాళీ 230, లోడు 325. ఇదెందుకని సార్ అడిగారు.

"మా నాయన అడిగినాడు సార్," అన్నాను, "జవాబు బాకీ ఉండాది."

ఇట్లు,
ఖాళీ బుర్రతో బయల్దేరి ఇప్పుడిప్పుడే లోడెక్కుతున్న నీ కొడుకు,
మల్లికార్జున