నీ ఫోటో ముందు బీరు సీసా

కార్తీక్,

"రెండు బీర్లు పడితే బండి ఇంకా జాగ్రత్తగా నడుపుతాం నాయనమ్మా" అన్నావు. తప్పురా. సత్తెనపల్లి రోడ్డు మీద ఆగి ఉన్న మిర్చి బస్తాల లారీని జాగ్రత్తగా నడిపేవాడెవడూ గుద్దడు.

ఇవాళ నీ సంవత్సరీకం. మీ అమ్మ గారెలు, కోడికూర వండి నీ ఫోటో ముందు పెట్టింది. ఇంటర్‌లో చేరినప్పటి ఫోటో అది, మీసమైనా సరిగా రాలేదు. ఆ రోజు నీ వెనక కూర్చుని బతికి బయటపడ్డ వంశీ కుంటుకుంటూ వచ్చి, గారెల పక్కన బీరు సీసా పెట్టాడు.

"ఏంట్రా ఇది?"

"వాడికిష్టం కదా మామ్మా."

"ఆ లారీని కూడా తెచ్చి పెట్టకపోయావా?"

మీ నాన్న అడ్డొచ్చి "పోనీలేమ్మా" అన్నాడు. లైసెన్సు లేని నీకు బండి కొనిచ్చిన రోజూ ఇదే మాట, ఇదే గొంతు.

దీపం కొండెక్కాక వంశీ ఆ సీసాని ప్రసాదంలా పంచాడు. వాడితో వచ్చిన నీ స్నేహితులిద్దరూ కళ్లకద్దుకుని మరీ తాగారు. ఆ తరవాత ముగ్గురూ ఒకే బండెక్కారు. నడిపింది వంశీ. గేటు దాకా వెళ్లి అరిచాను. "ఏం కాదులే మామ్మా" అని చెయ్యూపాడు.

నువ్వు పోయాక వాళ్లైనా బాగుపడతారనుకున్నాను. ఆ ఆశా ఇవాళ్టితో పోయింది.

నా మాట వాళ్లకి చాదస్తం. నీ మాటైతే వింటారేమో. ఈ రాత్రి వంశీ కలలోకి వెళ్లి, పొద్దున్నే బండి తాళం తెచ్చి నాకిమ్మని చెప్పు. నేను వరండాలోనే కూర్చుని ఉంటాను.

నాయనమ్మ