తెమెనిత్సలో వదిలిన బాతు

మిర్నా పేచ్,
గురువారం.

చిట్టితల్లి జాల్కాకు నాన్న దీవెనలు. ఇక్కడ అమ్మా, నేనూ, పాలివ్వనని మొరాయిస్తున్న ఆవూ కులాసా. నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను. అమ్మ చేసిన అక్రోటు రొట్టె వేరే కట్టలో పంపాం.

పిల్లల కోసం నువ్వు రాస్తున్న పుస్తకంలో మన ఏటి గురించి తప్పేమీ లేదు. తెమెనిత్స ఏరు పోనిక్వె దగ్గర నేలలోకి దూరుతుంది, జియాలోలో రాతి నోట్లోంచి బయటపడుతుంది, గోరిష్కా వాస్ దగ్గర మళ్లీ మాయం. లుక్న్యాలో తేలేసరికి, అత్తారింటికెళ్లిన పిల్లలా పేరు మార్చుకుని ప్రెచ్నా అయిపోతుంది. అక్కణ్నుంచి క్రకా నది ఎంతో దూరం లేదు.

ఇక నువ్వడిగిన మాట. పోనిక్వెలో నువ్వు వదిలిన చెక్కబాతు జియాలోకి ఎన్ని రోజులకు వచ్చింది? "పది అని గుర్తు, అచ్చుకి వెళ్లేలోపు ఒకసారి రూఢి చెయ్యి నాన్నా" అని రాశావు. ఆ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. జవాబు రాయడానికి చెయ్యాడలేదు.

అప్పుడు నీకు ఎనిమిదేళ్లు. ఆ బాతును తాత చెక్కాడు. ముందటి చలికాలంలోనే ఆయన పోయాడు. జూన్ నెలాఖరులో దాన్ని వదిలి, రోజూ జియాలో ఊట దగ్గరే కూర్చునేదానివి. పొరుగింటి ఇగ్నాట్స్ "ఏమ్మా, నీ బాతు భూమి కింద గుడ్లు పొదుగుతోందా?" అని ఆటపట్టించేవాడు. చివరికి నువ్వు తిండి మానేశావు. అమ్మ నా మీద విరుచుకుపడింది: "చూస్తూ కూర్చుంటావేంటయ్యా? ఏదో ఒకటి చెయ్యి, పిల్ల ఎండిపోతోంది!"

చేశాను. పదో రోజున నీకు దొరికిన బాతు నేను చెక్కి, బురదలో నానబెట్టి, రాళ్ల మధ్య పెట్టింది. ఇన్నేళ్లుగా నీ బల్ల మీద ఉన్నదీ అదే. తాత గుర్తని నువ్వు దాన్ని ముద్దుపెట్టుకుంటుంటే చూసి ఊరుకున్నాను.

అంతటితో అయిపోతే నాకింత బాధ ఉండేది కాదు. సెప్టెంబరు వానలకు ఏరు పొంగినప్పుడు, నా దొంగబాతు సంగతి తెలిసిన ఇగ్నాట్స్ పరుగెత్తుకొచ్చాడు. అతని చేతిలో తాత బాతు. ముక్కు విరిగింది గానీ, తోక కింద తాత కత్తిగుర్తు అలాగే ఉంది.

"ఒరేయ్, నిజంగానే వచ్చిందిరా! పిల్లకి చూపించు, ఎగిరి గంతేస్తుంది" అన్నాడు.

చూపిస్తే మొదటిది ఎక్కడిదని అడుగుతావు. నా మాట ఇక జన్మలో నమ్మవని భయపడ్డాను. నువ్వు బడి నుంచి వచ్చేలోపు దాన్ని పొయ్యిలో పెట్టేశాను. తడి చెక్క, తొందరగా అంటుకోలేదు కూడా. మనసు మార్చుకోవడానికి బోలెడు సమయం దొరికింది, మార్చుకోలేదు. అది తెలిసి ఇగ్నాట్స్ ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు తల్లీ.

పుస్తకంలో పది కొట్టేసి డెబ్బై మూడు అని రాయి. సాక్ష్యం ఏదని ఎవరైనా అడిగితే, మా నాన్న కాల్చేశాడని చెప్పు.

ఇట్లు,
నీ నాన్న