ఏడో ఫారం

నలభై ఏళ్లుగా పుస్తకాలు బైండు చేస్తున్న నేను, ఒళ్లు సహకరించకపోయినా బుర్ర సవ్యంగా ఉండగానే, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. అమలు బాధ్యత పక్క షాపు టైలరుది. మా అక్క, బావగారు, మా అమ్మాయి ముగ్గురూ కూర్చున్నాకే పైకి చదవాలి. బావగారు మధ్యలో లేచి వెళ్లకూడదు.

1. షాపు, కటింగ్ మిషను, సూదులు, దారం ఉండలు సర్వహక్కులతో మా అమ్మాయికి చెందుతాయి. జిగురు గిన్నె కూడా. కడగమని ఇరవై ఏళ్లుగా నా ప్రాణం తీసింది, ఇక తనే కడుక్కోవచ్చు.

2. అక్కకి నా రేడియో. గట్టిగా పెట్టుకో అక్కా, బావ ఉపన్యాసం వినపడదు.

3. ఇక తత్వశాస్త్రం పుస్తకం. కాలేజీ లెక్చరరైన బావగారు అట్ట ఊడిందని ఇస్తే, విప్పి కొత్తగా కుట్టిచ్చాను. పదకొండేళ్లు దాంతోనే పాఠం చెప్పారు. ఆయన క్లాసులోనే చదివిన మా అమ్మాయి అదే పుస్తకం అడిగి తెచ్చుకుని, పరీక్షలో ఇలా రాసింది: "ఇక్కడ వాదం తెగిపోయింది. జవాబు ముందొచ్చింది, ప్రశ్న తర్వాతొచ్చింది." బావగారు సున్నా వేశారు. "పుస్తకం రాసిన అంతటి మహానుభావుడికే వంకలు పెడతావా? నోట్సులో ఉన్నది రాయవే!" అని క్లాసందరి ముందూ కడిగేశారు. పిల్ల కాలేజీ మానేసి నా బల్ల దగ్గర కూర్చుంది. మళ్లీ పుస్తకం కుట్టిందే తప్ప చదవలేదు.

అప్పుడు ఆ తత్వశాస్త్రం పుస్తకం నేను తెరిచి చూశాను. పదహారు పేజీల మడతని మేం ఫారం అంటాం. ఎనిమిదో ఫారం ముందు, ఏడో ఫారం వెనక కుట్టేశాను! నోరు తెరవలేదు. పని రాదంటారని సిగ్గు. ఛీ, ఏం తండ్రిని!

తప్పు ఎంతవరకు పోయిందో చూద్దామని చదవడం మొదలెట్టాను. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అయినా వదల్లేకపోయాను. అట్టకి జిగురు ఆరేలోపు ఒక పేజీ. అడిగేవాళ్లు లేరు, మార్కుల్లేవు. ఒక వాక్యం బుర్రకెక్కితే వారమంతా హాయిగా ఉండేది. ఆ హాయి పిల్లకి దక్కకుండా చేసింది నేనే.

4. సదరు పుస్తకం కాలేజీకి ఇవ్వరాదు. నోట్సు ఉంది గనక బావగారు ఇన్నేళ్లూ తిరిగి అడగలేదు. ఇప్పుడు కావాలంటే, ఏడో ఫారంలో ఏముందో చెప్పి పట్టుకెళ్లవచ్చు.

5. చెప్పలేకపోతే అది మా అమ్మాయిది. కుట్టు విప్పి ఉంచానమ్మా. నీ చేత్తో వరసగా కుట్టుకో. జిగురు ఆరేలోపు చదువుకో, ఎవరికీ అప్పజెప్పక్కర్లేదు. ఆ రోజు నువ్వు రాసిన జవాబు కరెక్టు. తప్పు నా కుట్టుది.

తేదీ: మార్చి పద్నాలుగు, మధ్యాహ్నం, షాపులో.

సంతకం: బైండరు

సాక్షులు: ఎదురింటి కంపౌండరు, కాగితాల కొట్టు పెద్దాయన (కళ్లజోడు తెచ్చుకుని, మొత్తం చదివాకే సంతకం చేశారు)