ఉతికిన చొక్కా

లాయరు గారికి నమస్కరించి వ్రాయునది.

ఓడల యార్డులో మా నాన్నగారు బాయిలర్ గొట్టాలకు ఆస్‌బెస్టాస్ పీచు చుట్టేవారని, ఆ దుమ్ముతోనే ఆయన ఊపిరితిత్తులు చెడిపోయాయని యాజమాన్యం ఒప్పుకోవడం లేదు. అడిగిన కాగితమల్లా ఇచ్చాను, ప్రతిసారీ మరొకటి అడిగారు. చివరకు, ఆయన పనిముట్ల పెట్టెలో గుర్తుగా దాచుకున్న ఆఖరి రోజు చొక్కాకు అంటిన దుమ్మే మనకు సాక్ష్యమని తమరు సెలవిచ్చారు.

దానిని సంచిలో కట్టి, “ఉతకరాదు” అని చీటీ అంటించి, బీరువాపై పెట్టాను. నిన్న ఇంటికి వచ్చేసరికి అది దండెం మీద ఆరుతోంది.

“చీటీ చూడలేదా అమ్మా?”

“ఉప్పు డబ్బాకీ చీటీ అంటిస్తావు, ఎన్నని చూడనురా? అయినా లాయరు గారి ముందు మీ నాన్న మాసిన చొక్కా పెడితే నా పరువేం కాను?”

మంచంలో నాన్నగారు ఆయాసపడుతూనే నవ్వారు. “ఉద్యోగం చేసినన్నాళ్ళూ నా బట్టలు దులిపి, బండకేసి బాదిన చెయ్యిరా అది. ఊరుకోమంటే ఊరుకుంటుందా?”

నాకు ఒళ్ళు మండిపోయింది. కేకలు వేయబోయేంతలో అమ్మకు దగ్గు తెర వచ్చింది. ముమ్మూర్తులా నాన్నగారి దగ్గే. ఇన్నాళ్ళూ పక్క గదిలో వింటూ అంతా ఆయనదే అనుకున్నాను.

కావున చొక్కా పంపడం లేదు. సోమవారం అమ్మను తీసుకొని వస్తున్నాను. ఆమె యార్డులో పనిచేయలేదని తమ గుమస్తా గారు గుమ్మంలోనుంచే పంపివేయకుండా చూడమని ప్రార్థన. ఆ చొక్కాల దుమ్మంతా ఎక్కడికి పోయిందో, ఆమెకు పరీక్ష చేయిస్తే తెలుస్తుంది.

ఇట్లు,
ఇకపై ఇద్దరి తరఫున,
కొడుకు